మాల తీసిన మర్నాడు

మా తమ్ముడు మూడుసార్లు అయ్యప్ప మాల వేశాడు. మూడుసార్లూ 41 రోజులు చుక్క ముట్టలేదు. మూడుసార్లూ మాల తీసిన ఒకటి రెండు రోజుల్లోనే తాగి ఇంటికొచ్చాడు. రెండోసారైతే శబరిమల నుంచి దిగిన సాయంత్రమే, "ప్రసాదం పంచి వస్తా" అని రెండు అరవణ డబ్బాలు పట్టుకుని వెళ్లి, రాత్రి పదకొండింటికి గోడ పట్టుకుని వచ్చాడు. డబ్బాలు రెండూ చేతిలోనే ఉన్నాయి. మూతలు కూడా తియ్యలేదు.

"41 రోజులు ఉన్నోనివి 42వ రోజు ఉండలేవా?" అని అమ్మ ప్రతిసారీ అడిగేది. నేనూ అడిగాను. మేనమామలు అడిగారు, పక్కింటివాళ్లు అడిగారు, చివరికి పాలు పోసే అతను కూడా అడిగాడు. ఏళ్ల తరబడి మా ఇంట్లో ఇది తిట్టుగానే చెలామణి అయింది. దీనికి జవాబు కూడా ఉంటుందని మాలో ఎవరికీ తోచలేదు. నాకు తోచేసరికి వాడి జీవితంలో పదేళ్లు పోయాయి.

వాడిని అడిగే ఇది రాస్తున్నాను. "రాయక్కా, నా పేరు వద్దు, షాపు పేరు అసలే వద్దు" అన్నాడు. వాడు బాలానగర్‌లో మోటార్ వైండింగ్ పని చేస్తాడు. ఇల్లు బోరబండ. నేను ఒక ఆఫీసులో అకౌంట్లు చూసుకుంటాను, డాక్టర్ని కాను. వాడి వెనకాల తిరిగిన ఏళ్లలో చూసినవీ, అడిగి తెలుసుకున్నవీ, చదివినవీ మాత్రమే చెప్పగలను.

ముందు ఆ 41 రోజుల సంగతి. మాల వేసుకున్న మనిషి చుట్టూ ఏం మారుతుందో ఒకసారి చూడండి. తెల్లవారుజామున లేచి చన్నీళ్ల స్నానం. నల్లబట్టలు. వాటిని చూడగానే మందు తాగే దోస్తులు కూడా "స్వామీ" అని పక్కకు తప్పుకుంటారు. నిన్నటిదాకా "ఏరా" అన్న ఓనర్ "స్వామీ, ఈ మోటార్ ఎప్పుడిస్తవ్?" అంటాడు. మధ్యాహ్నం ఎవరింట్లోనో భిక్ష. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు, అంటే సరిగ్గా వైన్స్ ముందు గుంపు చేరే వేళకు, వాడు పీఠం దగ్గర భజనలో ఉంటాడు. ఏదైనా తేడాగా అనిపిస్తే గురుస్వామికి చెప్పుకోవచ్చు. చెప్పుకుంటే పరువు పోదు. ఇంట్లో వాడి పళ్లెం వేరు, చాప వేరు. ఇల్లంతా వాడి దీక్ష చుట్టూ తిరుగుతుంది.

మాల తీయగానే ఇవన్నీ ఒకేరోజు మాయమవుతాయి. నల్లబట్టలు పెట్టెలోకి పోతాయి, స్వామి మళ్లీ "ఏరా" అవుతాడు. సాయంత్రం ఆరు గంటలు మాత్రం ఎక్కడికీ పోదు. అది రోజూ వస్తుంది.

అంతా స్వామి మహిమ అంటుంది అమ్మ. నేను కాదనను. కానీ స్వామి ఒక్కడే రాలేదు, నలభై మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. వెళ్లేటప్పుడు ఆ నలభై మందీ వెళ్లిపోయారు. వాడి మనోబలం 42వ రోజు పొద్దున హఠాత్తుగా ఎక్కడికో పోయిందనుకున్నాం గానీ, వాడికి ఆసరాగా నిలబడ్డ పందిరిని మనమే పీకేశామని అనుకోలేదు. నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ఇంతే. తాగుడు మాన్పించడం మీద మన హైదరాబాద్‌లో ఇళ్లూ ఖర్చుపెడతాయి, సెంటర్లూ వ్యాపారం చేస్తాయి. మానిన మనిషి మర్నాడు ఎట్లా బతకాలన్నదాని మీద మాత్రం ఎవరూ రూపాయి పెట్టరు.

మరో మాట ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ మర్చిపోతాను. రోజంతా తాగే మనిషి డాక్టర్‌ను కలవకుండా మాల పేరుతోనో, ఒట్టు పేరుతోనో ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం. మా వాడు ఆ మూడుసార్లూ ఇంకా సాయంత్రాల తాగుబోతే కాబట్టి బతికిపోయాడు. 2020 నాటికి పొద్దున లేవగానే 90 పడితే గానీ చెయ్యి నిలవని స్థితికి వచ్చాడు.

ఆ సంవత్సరం మార్చిలో ఏమైందో అందరికీ తెలుసు. 22న జనతా కర్ఫ్యూ, వెంటనే లాక్‌డౌన్. వైన్సులు బంద్, కల్లు కాంపౌండ్లు బంద్. వాడు దాచుకున్నవి రెండ్రోజులకు అయిపోయాయి. మొదటి రోజు చేతులు వణికాయి, చెమటలు, వాంతులు. "పోనీలే, ఇట్లయినా మానుతడు" అని అమ్మ లోలోపల సంతోషపడింది. నిజం చెప్పాలంటే నేనూ పడ్డాను.

మూడో రాత్రి రెండింటికి చప్పుడు వినిపించి లేచాను. బీరువా ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎడమచేతి రెండు వేళ్ల మధ్య కనపడని తీగ. కుడిచేత్తో కనపడని హ్యాండిల్ తిప్పుతున్నాడు. "నూటపన్నెండు, నూటపదమూడు, నూటపద్నాలుగు..." చుట్లు లెక్కపెడుతున్నాడు. మధ్యలో లెక్క తప్పితే "అరె" అని నాలుక కరుచుకుని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఒంటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. నన్ను చూసి మామూలుగానే, "అక్కా, ఆ వార్నిష్ డబ్బా మూత పెట్టు, ఎండిపోతది" అన్నాడు. నాకేం చెయ్యాలో తెలియక, వంగి, లేని డబ్బాకు లేని మూత పెట్టాను.

పొద్దున ఐదింటికి ఫిట్స్ వచ్చాయి. వీధిలో ఉన్న ఆర్ఎంపీని పిలిస్తే గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తానన్నాడు. మరదలు ఒప్పుకోలేదు, పెద్ద దవాఖానాకే పోదామని పట్టుబట్టింది. ఆ మొండితనం ఎంత మేలు చేసిందో తర్వాత తెలిసింది. ఏళ్లుగా తాగేవాళ్ల ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా ముందే గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉందట. పక్కింటి ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్తుంటే మోతీనగర్ దగ్గర పోలీసులు ఆపారు. ఒకాయన లోపలికి తొంగిచూసి, "ఎర్రగడ్డకేనా? పోండి పోండి. పొద్దుట్నుంచి ఇదే పని" అన్నాడు.

ఎర్రగడ్డ అంటే ఈ ఊళ్లో మానసిక దవాఖానా పేరు కాదు, వెక్కిరింత. "వీన్ని ఎర్రగడ్డకు తోలాలె" అని నవ్వుకుంటూ పెరిగాం. ఆరోజు ఆ గేటు ముందు నిలబడ్డ జనాన్ని చూస్తే నవ్విన నోళ్లు మూతపడతాయి. కల్లు దొరక్క, మందు దొరక్క వణుకుతున్నవాళ్లు, తమలో తాము మాట్లాడుకుంటున్నవాళ్లు, తాళ్లతో కట్టి తెచ్చినవాళ్లు. కూలిపనికి వెళ్లే ఆడవాళ్లు కూడా తక్కువేం లేరు. ఆ వారం పేపర్ల నిండా ఇదే వార్త.

కల్లు అంటే చెట్టు నుంచి దిగే నీళ్లే కదా అనుకుంటాం. నగరంలో 2004లో మూయించిన కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరిచారు. ఇంతమందికి సరిపడా చెట్లెక్కడున్నాయని ఎవరూ అడగలేదు. క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రాజోలం, ఇవి కలిపిన కల్లు ఎన్నోసార్లు పట్టుబడింది. అలాంటి కల్లు తాగేవాడికి తెలియకుండానే నిద్రమాత్రల బానిసత్వం అంటుకుంటుంది. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయాకే మళ్లీ ఒక వారం టీవీల్లో ఆ మాట వినిపించింది.

సంపూర్ణ నిషేధం పెడితే పోలేదా అనేవాళ్లు నా స్నేహితుల్లోనే చాలామంది ఉన్నారు. దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డ ఉమ్మడి రాష్ట్రం మనది. 1993లో సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. ఆ వాదన నాకు గౌరవమే. కానీ అప్పటికే ఒళ్లు మందుకు అలవాటుపడ్డ మనిషి చేతిలోంచి సీసా ఒక్కసారిగా లాగేస్తే ఏమవుతుందో 2020 మార్చిలో బీరువా ముందు చూశాను. నిషేధం ఉన్నా లేకపోయినా ముందు ఆ మనిషికి మంచం కావాలి.

వాడికి మొదట బి1 ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత మత్తుమందు ఇచ్చి, దాన్ని రోజురోజుకూ తగ్గించుకుంటూ వచ్చారు. ఎందుకిట్లా అయిందో డాక్టర్ చెప్పింది నాకు సగమే అర్థమైంది. తాగే మందు మెదడుకు బ్రేకులు వేస్తూ ఉంటుంది, దానికి తగ్గట్టు మెదడు తన యాక్సిలరేటర్‌ను పెంచుకుంటుంది, మందు ఆగిపోగానే బ్రేకు పోయి యాక్సిలరేటర్ మిగులుతుంది అన్నారు. కోలుకున్నాక తమ్ముడే నాకు తన భాషలో చెప్పాడు. "సిరీస్ మోటార్‌కి లోడ్ ఒక్కసారి తీసేస్తే ఏమైతదక్కా? స్పీడ్ పెరిగి పెరిగి ముక్కలైతది. లోడ్ మెల్లమెల్లగ తియ్యాలె." 

తొమ్మిదో రోజు డిశ్చార్జ్. వాడి ముఖం కడిగిన ముత్యంలా ఉంది. మేమంతా దండాలు పెడుతుంటే డాక్టరమ్మ, "మీరు ఇంటికి తీసుకెళ్తున్నది బాగైన మనిషిని కాదమ్మా, విషం దిగిన మనిషిని. ఓపీకి తప్పకుండా రండి" అంది. మేం తల ఊపాం. రెండు సార్లు వెళ్లాం. మే 6న తెలంగాణలో వైన్సులు తెరిచారు. ఎండలో, మాస్కులు పెట్టుకుని, ముగ్గుతో గీసిన వృత్తాల్లో నిలబడ్డ జనంలో మా వాడూ ఉన్నాడు.

తర్వాతి ఏడాది మేం చేసిన పని గురించి రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అసలు ఈ వ్యాసం మొదలుపెట్టిందే అందుకు.

ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఒక ప్రైవేటు సెంటర్. నెలకు 18,000, మూడు నెలలు ముందే కట్టాలి. "పికప్" వాళ్లదే. అంటే రాత్రి పూట నలుగురు మనుషులు వ్యాన్‌లో వచ్చి, నిద్రలో ఉన్నవాణ్ని లేపి, చేతులు పట్టుకుని తీసుకుపోతారు. వాడు గుమ్మం దగ్గర నా వైపు చూసి "అక్కా" అన్నాడు. నేను లోపలికి వెళ్లి ఫ్యాన్ స్పీడ్ పెంచాను. ఏమీ వినపడకుండా.

మొదటి నెల ఫోన్ లేదు. గేటుకు తాళం. తిరగబడితే "డిసిప్లిన్" చేస్తారు, అదేమిటో వాడు ఇప్పటికీ పూర్తిగా చెప్పడు. సైకియాట్రిస్ట్ అన్నవాణ్ని వాడు మూడు నెలల్లో ఒక్కసారే చూశాడు. మిగతాదంతా చూసుకున్నది ఒకప్పుడు అక్కడే పేషెంటుగా ఉన్న అతను. తాగి మానినవాళ్లు తాగేవాళ్లకు సాయం చేయడం గొప్ప సంగతే, దాని విలువ నాకు తర్వాత తెలిసింది. కానీ శిక్షణ లేకుండా, పైన డాక్టర్ లేకుండా, తాళంచెవి ఒక్కటే చేతికిస్తే అతను వార్డెన్ అవుతాడు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏం చెబుతుందో నేను తర్వాత కూర్చుని చదివాను. మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులు ఆ చట్టం కిందకే వస్తాయి. ఇలాంటి చోటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. మనిషి ఒప్పుకోకపోయినా చేర్చాల్సి వస్తే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టే అయ్యుండాలి. అదీ ఒక విడతకు 30 రోజులకే. గొలుసులు వేయడం ఏ రూపంలోనైనా నిషేధం. 2001లో తమిళనాడు ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది కదల్లేక మంటల్లో కాలిపోయిన దేశంలో ఆ వాక్యం ఊరికే రాలేదు. వ్యాన్‌లో వచ్చిన ఆ నలుగురినీ నేను ఒక్క కాగితం అడిగి ఉంటే ఏమయ్యేదో. నేను అడిగింది డబ్బు కట్టిన రసీదు మాత్రమే.

అడగకపోవడానికి కారణం తెలియకపోవడం ఒక్కటే కాదు. ఆ మూడు నెలలూ మేం నిద్రపోయాం. మరదలు రాత్రి తలుపుకు గడియ పెట్టి, ఎవరి కోసమూ చెవి ఒగ్గకుండా పడుకుంది. పిల్లాడు స్కూల్లో ఫస్టొచ్చాడు. అమ్మ బీపీ తగ్గింది. మేం 54,000 కట్టింది వాడి వైద్యానికి కాదు, మా నిద్రకు. ఆ నిద్ర మాకు అక్కర్లేదని కూడా అనను, చాలా అవసరం. కాకపోతే దాని పేరు వైద్యం కాదు. ఇలాంటి సెంటర్లు అమ్మే సరుకు ఇంటివాళ్ల అలసట. అది అర్థమైతే వాటికి ఇంత గిరాకీ ఎందుకో, లోపల ఏం జరుగుతోందని ఇంటివాళ్లు ఎందుకు అడగరో అర్థమవుతుంది.

ఆరు కిలోలు పెరిగి, నున్నగా గుండు చేయించుకుని ఇంటికొచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. పదకొండో రోజు తాగాడు.

"అన్నీ చేసినం, వాడికి సిగ్గు లేదు" అన్నారు చుట్టాలు. అప్పుడే అమ్మ మందుల డబ్బా మీద నా చూపు పడింది. ప్రతి మే నెలలో కొత్తావకాయ జాడీ తెరవగానే అమ్మ బీపీ 170 దాటుతుంది. డాక్టర్ మాత్ర మారుస్తాడు, ఉప్పు తగ్గించమంటాడు, మళ్లీ రమ్మంటాడు. "పోయిన ఏడాదే బాగుచేశాం కదా, సిగ్గు లేదా" అని ఎవరూ అనరు. వైద్యం తర్వాత మళ్లీ మత్తులో పడేవాళ్లు నూటికి 40 నుంచి 60 మంది, బీపీ, ఆస్తమాల్లో మళ్లీ మొదటికొచ్చేవాళ్లు 50 నుంచి 70 మంది అని అమెరికా వైద్య పరిశోధకులు ఎప్పుడో లెక్కగట్టారు. మన దగ్గర ఒకరికి మాత్ర మారుస్తాం, రెండోవారికి వ్యాన్ పంపిస్తాం.

మధ్యలో అమ్మ ఇంకో ప్రయోగం చేసింది. "తాగేవారికి తెలియకుండా మాన్పిస్తాం" అనే ప్రకటన చూసి ఏదో పొడి తెప్పించి చారులో కలిపింది. అందులో ఏముందో దేవుడికే తెలియాలి. డైసల్ఫిరామ్ అనే మందు నిజంగానే ఉంది. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడుతుంది, బీపీ పడిపోతుంది. అది భయం మీద పనిచేసే మందు. భయపడాలంటే ముందు తెలిసుండాలి కదా! తెలియకుండా పెడితే అది మందు కాదు, విషప్రయోగం. అమ్మకు ఇది చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ పొడి ఇప్పటికీ పారేయలేదని నా అనుమానం.

వాడు బాగుపడ్డ కథ చెప్పమంటే మాత్రం గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. ఏ ఒక్క రోజో ఏదో జరిగి మారిపోలేదు. ఒక శనివారం తాగిన మత్తులో షాపులో మోటార్ కనెక్షన్ తప్పు ఇచ్చాడు, పక్కన పనిచేసే కుర్రాడికి షాక్ కొట్టింది. కుర్రాడికి ఏమీ కాలేదు. తమ్ముడు మాత్రం సోమవారం పొద్దున తనంతట తనే ఎర్రగడ్డ ఓపీలో కూర్చుని నాకు ఫోన్ చేశాడు, "ఆధార్ కార్డు మర్చిపోయిన, తెస్తవా?" అని.

ఈసారి ఓపీకి వెళ్లడం ఆపలేదు. తాగాలన్న గుంజులాట తగ్గించే మాత్రలు ఉన్నాయని అప్పుడే తెలిసింది. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్, ఇవేమీ కొత్తవి కావు. ఇన్నేళ్లలో మాకు చీటీ రాసిచ్చిన ప్రైవేటు డాక్టర్లలో ఒక్కరూ వీటి పేరెత్తలేదు. వాడికి రాసింది ఒకటి పనిచేసింది. పూర్తిగా కాదు. "గుంజడం పోలేదు, కానీ కూర్చుని ఆలోచించేంత టైం దొరుకుతోంది" అన్నాడు.

ఆ దొరికిన టైంలో ఏం చెయ్యాలి? అసలు సంగతి ఇక్కడుంది.

బాలానగర్ నుంచి బోరబండకు వాడు బండి మీద వచ్చే దారిలో నాలుగు వైన్సులు, వాటి పక్కనే పర్మిట్ రూములు. నాలుగో దాని ముందు వాడి దోస్తుల అడ్డా. బండి అమ్మేశాడు. ఇప్పుడు సాయంత్రం ఫతేనగర్ స్టేషన్ దాకా నడిచి ఎంఎంటీఎస్ ఎక్కుతాడు. భరత్‌నగర్, తర్వాత బోరబండ. రెండు స్టేషన్లు, ఐదు రూపాయల టికెట్. ఎంఎంటీఎస్ టైముకు వస్తుందని ఈ ఊళ్లో ఎవరూ అనుకోరు కదా, ఒక్కోరోజు నలభై నిమిషాలు ప్లాట్‌ఫారం మీదే కూర్చుంటాడు. "రైలు లేటైతే మంచిదే అక్కా, ఏడు దాటితే నాకు గండం గడిచినట్టే" అంటాడు. ఆలస్యంగా నడిచి ఒక మనిషిని కాపాడిన రైలు ఇదొక్కటేనేమో.

జీతం శనివారం సాయంత్రం నగదుగా చేతికొచ్చేది. వారమంతా నిలబడ్డవాడు కూడా ఆ గంటకు పడిపోతాడు. వాడే వెళ్లి ఓనర్‌ను అడిగాడు, సోమవారం పొద్దున ఫోన్‌పేలో మరదలికి వెయ్యమని. ఓనర్ వింతగా చూశాడట, కానీ వేశాడు. ఆ ఓనర్ వాణ్ని తిరిగి పనిలో పెట్టుకోకపోతే మాత్రలు, రైళ్లు అన్నీ వృథా అయ్యేవి. పెట్టుకున్నది జాలితో కాదు, వాడిలా చుట్టేవాడు దొరక్క. ఏ కారణమైతేనేం.

ఇంకొకటి ఏఏ మీటింగ్. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టిన పద్ధతి. మన దగ్గర తెలుగు మీటింగులు కూడా జరుగుతాయి. ఫీజు లేదు, సంచి తిప్పితే ఇష్టమున్నవాళ్లు పదో ఇరవయ్యో వేస్తారు. బయటివాళ్లు రావచ్చన్న రోజున నేనూ వెళ్లాను. సికింద్రాబాద్ వైపు ఒక చర్చి వెనక గది, ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు డ్రమ్ములో టీ. బ్యాంకు మేనేజర్ పక్కన సెంట్రింగ్ మేస్త్రి. ఒక పెద్దాయన లేచి, తన కూతురి పెళ్లిలో అప్పగింతల వేళకు తను స్టోర్‌రూంలో పడి ఉన్న సంగతి చెప్పాడు. ఎవరూ అయ్యో అనలేదు, ఎవరూ తిట్టలేదు. తర్వాత ఇంకొకాయన లేచాడు. నాకు వెంటనే పడిపూజ గుర్తొచ్చింది. అదే ఆరు నుంచి తొమ్మిది, అదే పలకరింపు, అదే గురుస్వామి లాంటి ఒక పాతకాపు, అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తేవాడు. తేడా ఒక్కటే. ఇక్కడ మాల తీసే రోజు లేదు.

అందరికీ ఏఏ పడుతుందని అనను. అక్కడి దేవుడి మాటలు గిట్టనివాళ్లున్నారు, నలుగురిలో నోరు విప్పలేనివాళ్లున్నారు. వాళ్లకు ఇంకో పందిరి కావాలి. ఏదో ఒక పందిరి మాత్రం కావాలి.

ఏడో నెలలో ఒక దావత్‌లో తాగాడు. మాకు కొత్తగా అనిపించింది ఆ తర్వాత జరిగింది. రాత్రి తొమ్మిదింటికే ఆ పాతకాపుకు ఫోన్ చేశాడు, మర్నాడు ఓపీకి వెళ్లాడు, మూడో రోజు పనిలో ఉన్నాడు. ఇదివరకు ఒక్క పెగ్గు పడితే నాలుగు నెలలు పోయేవి.

ఈ పందిరికి గుంజలు ఎవరు? ఇక్కడ అందరూ మరదలి వైపు చూస్తారు. "భార్య ఓపిక పడితే మగాడు మారతాడు" అన్నమాట నాకు వినబుద్ధి కాదు. ఆ పిల్ల రెండుసార్లు జహీరాబాద్ పుట్టింటికి వెళ్లిపోయింది, రెండుసార్లూ సరిగ్గానే చేసింది. ఒకరోజు నాతో, "వదినా, తాగినప్పుడు దెబ్బలు నేనే తిన్న. మానినంక కాపలా కూడా నేనే ఉండాల్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఉండక్కర్లేదు అనడమే జవాబు. అందుకే ఈ పని ఇంటి బయట, జీతం తీసుకునే మనుషులు చెయ్యాలి.

అంటే ప్రభుత్వమా, ఎవడో తాగితే మా పన్ను డబ్బులా అంటారు. పన్ను డబ్బు సంగతే మాట్లాడదాం. 2023లో తెలంగాణలో 2,620 మద్యం షాపుల లైసెన్సుల కోసం లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి తిరిగి ఇవ్వని ఫీజు 2 లక్షలు. ఒక్క సీసా అమ్మకముందే, కేవలం దరఖాస్తుల మీద 2,600 కోట్లకు పైగా ఖజానాలో పడింది. ఆ డబ్బు చివరికి ఎవరి జేబులోంచి రాబడతారు? మా తమ్ముడి శనివారం జీతంలోంచే కదా. తాగినంతకాలం వాడు రాష్ట్రానికి ఆదాయం, మానాలనుకున్న రోజు నుంచి వాడి ఖర్మ. ఇదెక్కడి లెక్క? నేను అకౌంట్లు చూసేదాన్ని, నాకైతే ఇది టాలీ కావడం లేదు.

2019లో కేంద్రం ఎయిమ్స్‌తో చేయించిన సర్వేలో తేలిందేమిటంటే, దేశంలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోంది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందేది 180 మందిలో ఒకరు. మానసిక వ్యాధులకు మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతుంది. మా ఆఫీసు పాలసీ తిరగేస్తే మినహాయింపుల్లో మద్యం, మత్తు అలవాట్ల వైద్యం నిక్షేపంగా ఉంది. అది ఒక్క కంపెనీ చిత్తం కాదు, బీమా నియంత్రణ సంస్థ 2019లో పాలసీల్లో పెట్టుకోవడానికి ఖరారు చేసిన మినహాయింపుల జాబితాలోనే ఉంది. ఒక చేత్తో జబ్బు అని రాసి, రెండో చేత్తో కొట్టేశారు.

నేను అడిగేది పెద్ద ఆసుపత్రులు కూడా కాదు. 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. అమ్మ బీపీ మాత్రలు అక్కడే తీసుకుంటుంది. అవి సాయంత్రానికి మూసేస్తారు. వారానికి రెండు రోజులు ఆరు నుంచి ఎనిమిది దాకా తెరిచి, ఒక నర్సు, ఒక కౌన్సెలర్, మానిన మనిషి ఒకరు, వీళ్లు కూర్చుంటే చాలు. గుంజులాట తగ్గించే మాత్ర అక్కడే ఇస్తే కూలిమనిషి సగం రోజు జీతం వదులుకుని ఎర్రగడ్డ లైనులో నిలబడక్కర్లేదు. రెండు వారాలు రానివాడికి "ఏమైంది అన్నా?" అని ఒక ఫోన్. 14446 అని కేంద్రం హెల్ప్‌లైన్ ఉంది, 14416 టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు, మంచివే. కానీ చెయ్యి వణికే మనిషి నంబరు నొక్కే దాకా ఆగడం కన్నా, ఆ నంబరే వాణ్ని వెతుక్కుంటూ వస్తే బాగుంటుంది.

డ్రగ్స్ అనగానే కెమెరాలు వస్తాయి, జూన్ 26న ర్యాలీలు, స్కూలు పిల్లల చేతుల్లో ప్లకార్డులు. తనంతట తాను వైద్యానికి వచ్చిన బానిసకు వాడకం, కొద్దిపాటి మోతాదు కేసుల నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్, 64ఎ, మాదకద్రవ్యాల చట్టంలోనే ఉంది. ఆ ర్యాలీల్లో ఈ ఒక్క ముక్క మైకులో చెబితే ఎంతమంది తల్లులు ధైర్యం చేస్తారో.

మా వాడు మాని రెండేళ్ల నాలుగు నెలలైంది, ఆ దావత్ రాత్రిని తీసేసి లెక్కపెడితే. పోయిన ఆదివారం మా మేనమామ మనవడి తొట్టెల ఫంక్షన్. మటన్, మందు, టెంటు వెనకాల కుర్చీలు, అంతా మామూలే. నేను వాడి మీదే కన్నేసి ఉంచానని వాడికి తెలుసు. పిల్లలకు ఐస్‌క్రీం వడ్డించి, అన్నం తిని, ఎనిమిదిన్నరకే "పోదాం పా" అన్నాడు.

ఇంటికి రాగానే అమ్మ ఎదురొచ్చి, వాడి భుజం మీద చెయ్యి వేసి, ముఖం దగ్గర ముఖం పెట్టి, "తిన్నవా బిడ్డా?" అంది. ఇన్నేళ్లుగా వాసన చూడ్డానికి అమ్మ వాడే పద్ధతి అది. వాడు బూట్లు విప్పుతూ విప్పుతూ ఆగి, తల ఎత్తి, నోరు బార్లా తెరిచి "హా" అని ఊదాడు.

"కిళ్లీ తిన్నవ్" అంది అమ్మ.

"రెండు" అన్నాడు.